సూర్యుడి ఇరుగుపొరుగు నక్షత్రాల లెక్క తేలిందా? పర్లాకిమిడి తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. సూర్యుడి చుట్టుపక్కల ఎన్ని నక్షత్రాలున్నాయో లెక్క పూర్తయిందా? నక్షత్రాల దూరాలు కొలిచే గాయా ఉపగ్రహం వచ్చాక ఇంకా చేయడానికి ఏమైనా మిగిలిందా? పర్లాకిమిడిలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతూ, టెలిస్కోప్ లేకుండా, దీని మీద ప్రాజెక్టు చేయవచ్చా? లెక్క పూర్తి కాలేదు. పని చాలా మిగిలింది. ప్రాజెక్టు తప్పకుండా చేయవచ్చు. నేనూ మన వైపువాణ్నే, గుణుపురంలో పెరిగాను. చాలా ఏళ్లుగా నక్షత్రాల కేటలాగులతోనే పని చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆకాశంలో ఒక చోటు చూపిస్తాను. మే నెల మధ్యలో మబ్బు లేని రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో, దక్షిణం వైపు కొండలు, కరెంటు దీపాలు అడ్డం లేని చోట నిలబడు. దిగంతానికి పది డిగ్రీల ఎత్తులో, అంటే చెయ్యి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పంత పైన, రెండు ప్రకాశవంతమైన నక్షత్రాలు పక్కపక్కనే కనిపిస్తాయి. వాటి మధ్య దూరం నాలుగు డిగ్రీల పైచిలుకు. ఎడమవైపుది ఆల్ఫా సెంటారి, కుడివైపుది బీటా సెంటారి. ఢిల్లీ వాళ్లకు ఆల్ఫా దిగంతాన్ని రాసుకుంటూ పోతుంది, కనిపించడం దాదాపు అసాధ్యం. మనం 19 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉండటం వల్ల దొరుకుతుంది. వేసవి దుమ్ములో అంత కిందుగా ఉన్న నక్షత్రం మసకబారుతుంది, అందుకే ఒక వాన పడి ఆకాశం కడిగినట్టున్న రాత్రి కోసం చూడు.

కంటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. నిజానికి ఆల్ఫా సెంటారి మన పక్కింటిది, దూరం 4.37 కాంతి సంవత్సరాలు. బీటా సుమారు 390 కాంతి సంవత్సరాల అవతల ఉంది. దాదాపు తొంభై రెట్లు దూరం! ఆల్ఫాలోని పెద్ద నక్షత్రం మన సూర్యుడికి ఒకటిన్నర రెట్లు వెలుగునిస్తే, బీటా సెంటారి వ్యవస్థ కంటికి కనిపించే వెలుగులోనే కొన్ని వేల సూర్యుళ్లకు సమానం. ఇక ఆల్ఫాకు తోడుగా దాని కన్నా మనకు దగ్గరగా ఉన్న ప్రాక్సిమా సెంటారి (4.24 కాంతి సంవత్సరాలు) ఎక్కడ ఉందని వెతికినా నీ కంటికి కనిపించదు. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం అదే, దాన్ని 1915లో రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టేదాకా ఎవరికీ తెలియలేదు.

ఈ విషయంలో అన్ని చిక్కులకూ మూలం ఇదే. ప్రకాశంగా కనిపించేవన్నీ దగ్గరివి కావు, దగ్గరున్నవి చాలావరకు కనిపించవు. నువ్వు రోజూ చూసే పేరున్న నక్షత్రాల్లో జ్యేష్ఠ, ఆరుద్ర, చిత్త, అగస్త్య వందల కాంతి సంవత్సరాల దూరంలోని దిగ్గజాలు. దగ్గరివాటిలో లుబ్ధకుడు (8.6), శ్రవణం (17), అభిజిత్ (25) లాంటివి కొన్నే. మన పొరుగున ఉన్న అసలు జనాభా ఎర్ర మరుగుజ్జులు, అంటే సూర్యుడి కన్నా చిన్నగా, చల్లగా, మసకగా ఉండే నక్షత్రాలు, వాటిలో ఒక్కటి కూడా మామూలు కంటికి ఆనదు.

దూరం తెలియాలంటే పారలాక్స్ ఒక్కటే నేరుగా పనికొచ్చే దారి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రం వెనకటి నక్షత్రాల మీద ఏడాదికోసారి కొద్దిగా అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుడులో సగాన్ని పారలాక్స్ అంటాం. అది ఒక ఆర్క్‌సెకండు (డిగ్రీలో 3600వ వంతు) అయితే దూరం ఒక పార్సెక్, అంటే 3.26 కాంతి సంవత్సరాలు. ఆల్ఫా సెంటారికి అది 0.75 ఆర్క్‌సెకండు. రెండున్నర సెంటీమీటర్ల నాణేన్ని దాదాపు ఏడు కిలోమీటర్ల అవతల పెట్టి చూస్తే ఎంత కనిపిస్తుందో అంత. ఒడిశాలో చదువుతున్నావు కాబట్టి పఠాణి సామంత పేరు వినే ఉంటావు. ఖండపడాలో కూర్చుని, దుర్భిణి లేకుండా, వెదురుతో, కర్రతో తానే చేసుకున్న యంత్రాలతో గ్రహగతులు కొలిచి సిద్ధాంత దర్పణం రాసిన మహానుభావుడు. అలాంటివాడికి కూడా ఈ కోణం అందదు. మనిషి కంటి హద్దు ఒక ఆర్క్‌మినిట్ (60 ఆర్క్‌సెకండ్లు) చుట్టుపక్కల ఉంటుంది, ఆల్ఫా సెంటారి పారలాక్స్ దానిలో ఎనభయ్యో వంతు. 1838లో బెసెల్ 61 సిగ్ని అనే నక్షత్రానికి మొదటిసారి నమ్మదగిన పారలాక్స్ ప్రకటించాడు. ఆ తర్వాత నూటయాభై ఏళ్ల పాటు నక్షత్రాలను ఒక్కొక్కటిగానే కొలుస్తూ వచ్చారు.

అలా పోగైన కొలతలన్నిటినీ ఒకచోట చేర్చినవాడు జర్మనీకి చెందిన విల్హెల్మ్ గ్లీజ. 1957లో 20 పార్సెక్‌ల లోపు నక్షత్రాలు సుమారు వెయ్యింటితో ఒక జాబితా వేశాడు. తర్వాత యార్‌రైస్‌తో కలిసి దాన్ని 25 పార్సెక్‌ల దాకా పెంచాడు. గ్లీజ 581, గ్లీజ 710 అని నువ్వు చదివే పేర్లు ఆ జాబితాలోని నంబర్లే. 1989లో ఎగిరిన హిపార్కోస్ ఉపగ్రహం 1,18,218 నక్షత్రాలను ఆర్క్‌సెకండులో వెయ్యో వంతు స్థాయిలో కొలిచింది, ఆ కేటలాగు 1997లో వచ్చింది.

ఇక్కడ మన తెలుగువాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. హిపార్కోస్ సమాచారం నుంచే తర్వాత 2000లో టైకో-2 అని 25 లక్షల నక్షత్రాల కేటలాగు తయారైంది. నక్షత్రం ఏటా ఎంత కదులుతుందో తేల్చాలంటే పాత స్థానం, కొత్త స్థానం రెండూ కావాలి. కొత్తది ఉపగ్రహం ఇచ్చింది. పాతది ప్రపంచంలోని కొన్ని వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని గాజు పలకల మీద ఫొటోలు తీసి తయారుచేసిన ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగు నుంచి వచ్చింది. అందులో ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మన హైదరాబాద్ నిజామియా వేధశాల వాటా. పలక మీద చుక్కచుక్కనూ కొలిచి పుస్తకాల్లోకి ఎక్కించిన ఆ ఉద్యోగుల శ్రమ ఎన్నో దశాబ్దాల తర్వాత ఒక ఉపగ్రహానికి ఆధారమైంది. కేటలాగు పని ఎప్పటికీ పాతబడదని నేను గట్టిగా నమ్మడానికి ఇదొక కారణం.

ఇప్పుడు గాయా సంగతి. 2013 డిసెంబరు 19న ఎగిరింది, 2025లో విశ్రాంతి తీసుకుంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, ఆరు గంటలకో చుట్టు తిరుగుతూ, 106.5 డిగ్రీల తేడాతో అమర్చిన రెండు టెలిస్కోపులతో ఆకాశాన్ని పదేపదే జల్లెడ పట్టింది. రెండు దిక్కులను ఒకేసారి చూడటం వల్ల నక్షత్రాల పారలాక్స్‌ను వెనకటి నక్షత్రాలతో పోల్చకుండానే నేరుగా తేల్చగలిగింది. 2022లో వచ్చిన మూడో విడత డేటాలో 180 కోట్లకు పైగా నక్షత్రాలున్నాయి. అందులో కొంత భాగం 2020 డిసెంబరులోనే ముందుగా విడుదలైంది, దాన్ని ఆధారం చేసుకుని 2021లో వెలువడిన గాయా సమీప నక్షత్రాల కేటలాగులో 100 పార్సెక్‌ల లోపు 3,31,312 ఉన్నాయి. ముందు విడతలతో పోలిస్తే ఇది వేరే యుగం.

మరి లెక్క ఎందుకు పూర్తి కాలేదు? రెండు కొసల దగ్గర చిరుగులున్నాయి. గాయా కెమెరాకు మరీ ప్రకాశవంతమైనవి పట్టవు. నేను మొదట చూపించిన ఆల్ఫా సెంటారిలోని రెండు ముఖ్య నక్షత్రాలూ మూడో విడత డేటాలో లేవు. లుబ్ధకుడూ లేడు, కానీ వాడి పక్కనే ఉన్న తెల్ల మరుగుజ్జు (ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన నక్షత్రం) మాత్రం ఉంది! రెండో కొసలో మరీ చల్లనివి ఉన్నాయి. గోధుమ మరుగుజ్జులు హైడ్రోజన్‌ను నిలకడగా మండించుకోలేనంత చిన్నవి. పుట్టినప్పటి వేడితో మొదలై చల్లారిపోతూనే ఉంటాయి, వెలుగు దాదాపంతా ఇన్‌ఫ్రారెడ్‌లోనే ఇస్తాయి. కేవలం 6.5 కాంతి సంవత్సరాల దూరంలోని లూమన్ 16 జంట 2013లో బయటపడింది. 7.4 కాంతి సంవత్సరాల దగ్గరున్న వైజ్ 0855 మరుసటి ఏడాది దొరికింది, దాని ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే స్థాయి చుట్టుపక్కలే ఉంటుంది. రెండూ వైజ్ అనే ఇన్‌ఫ్రారెడ్ ఉపగ్రహం తీసిన చిత్రాల్లో కదలికను బట్టి దొరికాయి. మనకు మూడో, నాలుగో పొరుగువాళ్లు ఇంత ఆలస్యంగా తెలిశారంటే ఆలోచించు.

కదలిక అన్నాను కదా, దానిలోనూ ఒక పక్షపాతం ఉంది. దగ్గరిది ఆకాశంలో వేగంగా జరుగుతుందన్న నమ్మకంతోనే గత శతాబ్దంలో పొరుగువాళ్లను వెతికారు. బర్నార్డ్ నక్షత్రం అలాగే దొరికింది, ఏటా 10.4 ఆర్క్‌సెకండ్లు కదులుతుంది. కానీ దాదాపు నేరుగా మనవైపో, మన నుంచి అవతలికో వెళ్తున్న నక్షత్రం పక్కకు జరగదు. షోల్జ్ నక్షత్రం అలాంటిదే. ఇరవై పైచిలుకు కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నా, పాలపుంత పట్టీలోని రద్దీలో కలిసిపోయి 2013 దాకా తప్పించుకుంది. అది సుమారు 70-80 వేల ఏళ్ల కిందట సూర్యుడికి ఒక కాంతి సంవత్సరం దరిదాపుల దాకా వచ్చి వెళ్లింది.

అందుకే 10 పార్సెక్‌ల లోపు నమ్మదగిన జాబితా కావాలంటే గాయాను, పాత భూతల కొలతలను, ఇన్‌ఫ్రారెడ్ సర్వేలను కలిపి చేత్తో సరిచూడాల్సి వచ్చింది. 2021లో సెలీన్ రెలె బృందం వేసిన జాబితాలో నక్షత్రాలు, గోధుమ మరుగుజ్జులు, గ్రహాలు కలిపి 339 వ్యవస్థల్లో 540 వస్తువులున్నాయి. నక్షత్రాల్లో సగానికి బాగా పైగా ఎర్ర మరుగుజ్జులే. నక్షత్రాలను వేడిని బట్టి విడదీసే తరగతుల్లో 'ఏ' (A) తరగతివి లుబ్ధకుడు, శ్రవణం, అభిజిత్, ఫోమల్‌హాట్, ఈ నాలుగే. నీలంగా మండే 'ఓ' (O), 'బీ' (B) తరగతులవి ఒక్కటీ లేవు. మన పొరుగు ఎలాంటిదో ఈ మూడు వాక్యాల్లో ఉంది.

పేరు, దూరం రాసేస్తే నక్షత్రం తెలిసిపోయినట్టు కాదు. నువ్వు ప్రశ్నలో దీన్ని ఒక మాటలో దాటేశావు, నా దృష్టిలో అసలు పని ఇక్కడే ఉంది. దూరం తెలిస్తే నిజమైన వెలుగు వస్తుంది. ప్రాక్సిమానే లెక్కవెయ్యి. కనిపించే మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు) 11.13, పారలాక్స్ 0.768 ఆర్క్‌సెకండు. పారలాక్స్ లాగరిథమ్‌ను 5తో గుణించి, 5 కలిపి, మాగ్నిట్యూడ్‌కు కూడితే 15.6 వస్తుంది, నిజమైన వెలుగును చెప్పే మాగ్నిట్యూడ్ ఇదే. సూర్యుడికి ఇదే విలువ 4.83. అంటే కంటికి కనిపించే వెలుగులో ప్రాక్సిమా సూర్యుడిలో సుమారు 20 వేలో వంతు. కాలిక్యులేటర్‌తో ఒక్క నిమిషం పని, కానీ ఈ అంకె చేత్తో తేల్చినప్పుడు కలిగే ఆనందం వేరు.

తర్వాత వర్ణపటం. ఎర్ర మరుగుజ్జుల్లో టైటానియం ఆక్సైడ్ పట్టీలు దట్టంగా ఉంటాయి, వాటిని బట్టి ఉష్ణోగ్రత అంచనా వేస్తారు. జంట నక్షత్రాల కక్ష్యల నుంచి ద్రవ్యరాశి వస్తుంది. వ్యాసార్థమే పెద్ద తలనొప్పి. సిద్ధాంతం చెప్పే దానికన్నా ఎర్ర మరుగుజ్జులు కొన్ని శాతం లావుగా ఉన్నట్టు కొలతలు చూపిస్తున్నాయి. దాంతో ఏమవుతుందంటావా? గ్రహం నక్షత్రం ముందు నుంచి వెళ్లినప్పుడు వెలుగు ఎంత తగ్గిందో చూసి గ్రహం సైజు చెప్తారు. ఆ తగ్గుదల ఇచ్చేది గ్రహం, నక్షత్రం వ్యాసార్థాల నిష్పత్తి మాత్రమే. నక్షత్రం సైజు పది శాతం తప్పితే గ్రహం సైజూ పది శాతం తప్పుతుంది, అప్పుడు అది రాతి గ్రహమా, వాయువు కప్పుకున్నదా అన్న తీర్పే మారిపోవచ్చు. ట్రాపిస్ట్-1 చుట్టూ ఏడు గ్రహాలు దొరికాయని 2017లో అందరూ పండగ చేసుకున్నారు. ఆ నక్షత్రం 2000 నాటికే, దగ్గరున్న అతిచల్లని మరుగుజ్జుల వేటలో, ఒక పట్టికలోకి ఎక్కి ఉంది. ఆ పట్టికే లేకపోతే టెలిస్కోప్‌ను అటు తిప్పేవాళ్లే ఉండరు.

వయసు అన్నిటికన్నా కష్టం. సూర్యుడి వయసు ఉల్కాశిలల వల్ల తెలిసింది, పొరుగు నక్షత్రాల నుంచి మనకు రాళ్లు రావు. ఎంత వేగంగా తిరుగుతోంది, వర్ణపటంలో కాల్షియం గీతలు ఎంత చురుగ్గా ఉన్నాయి అని చూసి అంచనా కట్టాల్సిందే. ఎర్ర మరుగుజ్జుల విషయంలో ఆ అంచనా చాలా వదులుగా ఉంటుంది.

ఇక నీ ప్రాజెక్టు. గాయా ఆర్కైవ్ అందరికీ ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. ఒక మామూలు ల్యాప్‌టాప్, మొబైల్ హాట్‌స్పాట్ చాలు. పట్టికలు చూసి గ్రాఫులు గీసే టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకో, పైథాన్ వస్తే ఇంకా మంచిది. చాలామంది విద్యార్థులు లక్షల నక్షత్రాలతో మొదలుపెట్టాలని చూస్తారు, నువ్వు అలా చేయకు. ముందు పారలాక్స్ 100 మిల్లీఆర్క్‌సెకండ్ల కన్నా ఎక్కువ ఉన్నవి మాత్రమే అడుగు, అంటే 10 పార్సెక్‌ల లోపువి. వచ్చిన పట్టికను చూసి టెన్షన్ పడకు, అందులో చెత్త చాలా ఉంటుంది. పాలపుంత మధ్యభాగంలో నక్షత్రాలు కిక్కిరిసి ఉన్న చోట రెండు నక్షత్రాల కొలతలు కలగలిసి తప్పుడు పారలాక్స్ వస్తుంది. సమీప నక్షత్రాల కేటలాగు చేసినవాళ్లు 8 మిల్లీఆర్క్‌సెకండ్ల పైన ఉన్నవాటితో మొదలుపెడితే 12 లక్షలు దాటాయి. ఏరి చూశాక మూడు లక్షల పైచిలుకే మిగిలాయి. వదిలేసినవాటిలో కొన్ని నిజంగానే 100 పార్సెక్‌ల అవతలివి, మిగతావి చాలావరకు ఇలాంటి దొంగ కొలతలు.

ఏరడానికి రెండు కాలమ్‌లు చూడు. పారలాక్స్‌ను దాని ఎర్రర్‌తో భాగిస్తే ఎంత వస్తోంది అన్నది ఒకటి. నిజమైన పొరుగువాటికి అది వందల్లో, వేలల్లో ఉంటుంది. రెండోది ఆర్‌యూడబ్ల్యూఈ (RUWE). ఒంటరి నక్షత్రం అనుకుని వేసిన లెక్కకు కొలతలు ఎంత బాగా సరిపోయాయో అది చెప్తుంది. 1 దగ్గరుంటే బాగుంది, 1.4 దాటితే అనుమానించాలి. అలాగని 1.4 దాటినవాటిని గుడ్డిగా కొట్టేయకు! చాలాసార్లు అది కంటికి విడిపోని జంట అయి ఉంటుంది. 1844లో బెసెల్ లుబ్ధకుడి దారి తిన్నగా లేదని గమనించి, కనిపించని తోడు ఒకటి ఉందన్నాడు. 1862లో ఆల్వన్ గ్రాహం క్లార్క్ ఆ తెల్ల మరుగుజ్జును కళ్లారా చూశాడు. నీ పట్టికలో ఆర్‌యూడబ్ల్యూఈ ఎక్కువున్న వరుస ప్రతిదీ అలాంటి తోడుకు ఆనవాలు కావచ్చు. ఒక్కో పేరునూ స్ట్రాస్‌బర్గ్ వాళ్ల సింబాద్ డేటాబేస్‌లో వేసి, జంట అని ముందే తెలుసా లేదా చూసుకో.

మిగిలినవాటికి అడ్డంగా రంగు, నిలువుగా నిజమైన వెలుగు పెట్టి గ్రాఫ్ గీయి. మిల్లీఆర్క్‌సెకండ్లను వెయ్యితో భాగించడం మర్చిపోకు. ప్రధాన శ్రేణి, అంటే హైడ్రోజన్‌ను మండించుకుంటున్న మామూలు నక్షత్రాల వరుస, ఏటవాలుగా దిగుతుంది, దాని కింద ఎడమవైపున తెల్ల మరుగుజ్జులు వేరే గీతలా కనిపిస్తాయి. ఈ రెండింటి మధ్యలో పడే చుక్కలను ఒక్కొక్కటిగా పరిశీలించు. కొన్ని తప్పుడు కొలతలు, కొన్ని ఎర్ర మరుగుజ్జు, తెల్ల మరుగుజ్జు కలిసిన జంటలు. ప్రధాన శ్రేణికి ముప్పావు మాగ్నిట్యూడ్ పైన సన్నగా ఇంకో పట్టీ కనిపిస్తే అవి సమాన వెలుగున్న జంటలు. రెండు దీపాలు ఒకటిగా కనిపిస్తే వెలుగు రెట్టింపవుతుంది, మాగ్నిట్యూడ్‌లో అది 0.75.

ఇదంతా వచ్చాక 100 పార్సెక్‌లకు వెళ్లు. అప్పుడు గ్రాఫ్‌లో నిజమైన వెలుగు (గాయా కొలిచే 'జీ' మాగ్నిట్యూడ్‌లో) 10 దగ్గర, ఎర్ర మరుగుజ్జుల మధ్యలో, చుక్కలు పలచబడిన సన్నని చీలిక కోసం చూడు. 2018లో వెయ్-చున్ జావ్ బృందం గాయా రెండో విడత డేటాతో ఇదే గ్రాఫ్ గీస్తూ దాన్ని పట్టుకుంది. సూర్యుడి ద్రవ్యరాశిలో మూడోవంతు చుట్టుపక్కల నక్షత్రం లోపలంతా ఉడుకుతున్న నీళ్లలా కలియబెట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ హద్దు దగ్గర హీలియం-3 పోగవడం, కలిసిపోవడం వల్ల నక్షత్రం వెలుగు నిలకడ తప్పుతుందని, అందుకే ఆ చోట నక్షత్రాలు తక్కువగా కనిపిస్తాయని వివరణ. ఆ చీలిక కనిపెట్టడానికి వాళ్లకు కొత్త టెలిస్కోప్ అవసరం పడలేదు. నీ ముందున్న డేటానే ఓపికగా చూశారు.

ప్రాజెక్టు రిపోర్టులో చీలిక దొరికిందని రాయడంతో ఆగకు. ఏ వరుసలు తీసేశావు, ఎందుకు తీసేశావు అన్నది రాయి. గైడ్ ముందుగా అడిగేది అదే, అడగాల్సిందీ అదే. గాయా నాలుగో విడత 2026 డిసెంబరులో వస్తుందని ప్రకటించారు. ఐదున్నరేళ్ల కొలతలు, విడివిడిగా ఏ రోజు ఎక్కడుందో సహా అందులో ఉంటాయి. నువ్వు అనుమానించిన జంటలు నిజమైనవో కాదో అప్పుడు నువ్వే సరిచూసుకోవచ్చు. ముందు 10 పార్సెక్‌ల గ్రాఫ్ గీసి ఇక్కడ పెట్టు. శ్రేణికి పక్కగా పడిన చుక్కల గాయా నంబర్లు కూడా ఇవ్వు, కూర్చుని కలిసి చూద్దాం.